కొండ మీది కోడలు

మిక్సీ కనిపెట్టినవాడి ఇంట్లో మాట్లాడే మనుషులెవరూ ఉండి ఉండరు. అది తిరుగుతున్నంతసేపు పక్కవాళ్ళ మాట వినపడదు. నిన్న అది ఆగాక వేయించిన ఎండుమిరపకాయల ఘాటు వచ్చింది. దాని వెంటే, యాభైల నాటి ఉదయగిరిలోని మా వంటిల్లూ వచ్చింది.

అమ్మ ఆవకాయ జాడీ పగలగొట్టిన రోజులవి. అవ్వ కోడలితో మాట మానేసింది. రోజూ నన్ను వసారాలో కూర్చోబెట్టుకుని, లోపల రోటి దగ్గరున్న అమ్మకు వినబడేంత గొంతుతో కథ చెప్పేది. కథ నా కోసమే అనుకునేవాణ్ణి. అందులో ఒక కోడలు నేతికుండ పగలగొడితే, అత్త ఆమెను కొండ మీదికి తరిమేసింది. ఆ కొండ మా ఊరి కొండేనని నా నమ్మకం.

"అవ్వా, ఆమె కొండ దిగిందా?"

"యాడ దిగుద్ది? తప్పయిందని నోరు తెరిస్తే గదా!"

లోపల రోలు మరింత గట్టిగా మోగేది.

ఒకరోజు ఆ కోడలికి పెట్టి వస్తానని అన్నం ముద్ద పట్టుకుని కొండకు బయల్దేరాను. అవ్వ గుమ్మంలో పట్టుకుంది. ముద్ద ఎవరికో చెప్పాను. తర్వాత, వంటింటికి వినబడేలాగే అంది: "అసలు ఆ కుండను అంచున పెట్టింది అత్తేలేరా."

"అయితే అత్తను గూడా కొండెక్కించాల గదవ్వా!"

రోలు ఆగింది. అమ్మ నవ్వు వినిపించింది. ఎవరు ఎవరికి తప్పు ఒప్పుకున్నారో నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. అప్పటికి తెలిసిందల్లా, చాన్నాళ్ళకు అవ్వ వంటింటి వైపు తిరిగి మాట్లాడిందని.

"నవ్వింది చాల్లే గానీ, నిన్నటి పచ్చట్లో ఉప్పు లేదు."