తలుపులు తెరిచి చెప్పిన పాఠం

నా కూతురు పోయిన నెల జ్వరంతో కన్నుమూసింది. తొమ్మిది రోజులే పడుకుంది. ఉరవకొండ అవతల మా ఊరి హైస్కూల్లో ఆమె సైన్సు టీచరు. నేను చదివింది మూడో తరగతి. నాకు వచ్చినట్టు రాస్తున్నాను.

పదో తరగతి పిల్లలకు కడుపు, కాన్పు, బిడ్డను సాకడం గురించి చెప్పే రోజు ఆమె తలుపులు, కిటికీలు అన్నీ తెరిచిపెట్టేది. "మూసి చెప్తే దొంగమాట అయితాది మా" అని నాతో అనేది. ఆడపిల్లలనూ మగపిల్లలనూ కలిపే కూర్చోబెట్టేది.

మొదటి ఏడాదే ఒక పిల్లవాడి తండ్రి బడి మీదికి వచ్చాడు.

"మావోడేమన్నా కంటాడా ఏమమ్మా?"

"వాడు కనడులే చిన్నాయనా. కనేదాన్ని ఆసుపత్రికి పిలుచుకపోయేది వాడే గదా!"

"పెండ్లి గాని దానివి, కాన్పు సంగతి నీకేం తెలుసు?"

"నాకు తెలీదు. తెలిసినామెను రేపు పిలుచుకొస్తా. ఆమె నోరు తెరవకుంటే ఈ పాఠం ఆపేస్తా" అందట నా కూతురు.

ఆ తెలిసినామె నేనే. "నాకు సిగ్గు పాపా, నేను రాను" అన్నాను.

"నన్ను కన్నందుకు సిగ్గా మా?" అంది.

మరుసటి రోజు పిల్లల ముందు నిలబడ్డాను. కిటికీ బయట ఆ తండ్రి, ఇంకో నలుగురు. కొంగు రెండు మూడుసార్లు సర్దుకున్నాను. నా కూతురు గోడకు ఆనుకుని నన్నే చూస్తూ ఉంది, తొందరపెట్టలేదు. కడకు చెప్పాను. అప్పుడు నాకు పదిహేనేండ్లు. శనక్కాయ చేలో కలుపు తీస్తుంటే నొప్పులొచ్చాయి. బిడ్డ ఎక్కడినుంచి వస్తుందో ఎవరూ చెప్పలేదు. బొడ్డు చీలి వస్తుందనుకున్నాను. చీలకుండా రెండు చేతులతో అదిమి పట్టుకుని, చచ్చిపోతున్నానని ఏడ్చాను.

మగపిల్లలు పక్కున నవ్వారు. వెనక బెంచీలో ఒక పిల్ల లేచి, "నేనూ అట్లనే అనుకుంటి పెద్దమ్మా" అంది. నవ్వు ఆగిపోయింది.

"తెలియని నొప్పి రెండింతలు నొస్తాది" అంటూ నా కూతురు సుద్దముక్కతో బోర్డు మీద గర్భసంచి గీసింది. బిడ్డ తల గీసింది. దారి గీసింది. "మా అమ్మ కడుపులోనించి నేనొచ్చిన దారి ఇది" అంది. నలభై దగ్గరపడ్డాక నా కడుపులో ఏముందో మొదటిసారి చూశాను. ఇంత పనితనం నాలోనే ఉండిందా అని బోర్డు దగ్గరికి జరిగాను. అది చూపిస్తున్నది నేను కన్న బిడ్డ!

కిటికీ బయటినుంచి ఆ తండ్రి, "కానీయమ్మా, చెప్పు" అన్నాడు.

ఆ తర్వాత ఏ ఏడాదీ ఆ పాఠం ఆగలేదు. ఆమె మాత్రం ఆ నొప్పి తెలియకుండానే పోయింది.

పదకొండో రోజు ఒక అమ్మాయి నిండు కడుపుతో, మొగుణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. ఇద్దరూ నా కూతురి దగ్గర చదివినవాళ్లే. "కడుపుతో ఉండేదానివి, చావింటికి వస్తారా యాడన్నా?" అని గడప దగ్గర ఆడవాళ్లు అడ్డుపడ్డారు.

"మా టీచరమ్మ ఇల్లు. నాకేం భయం?" అని వచ్చి నా పక్కన కూర్చుంది.

ఎన్నో నెల అని అడిగితే మొగుడే చెప్పాడు. "ఎనిమిది నిండినాయి పెద్దమ్మా. రక్తం తక్కువుండె, మాత్రలేసుకున్నంక పెరిగింది. బిడ్డ తల కిందికి తిరిగింది." చెప్పడానికి వాడు కొంచెం కూడా సిగ్గుపడలేదు.

వాళ్లు పోతుంటే వాకిట్లో నిలబడి చూశాను. మా కాలంలో కడుపు మీద కొంగు కప్పుకుని, గోడల పక్కన ఒదిగి నడిచేవాళ్లం. ఆ పిల్ల గాలికి కొంగు ఎగురుతున్నా పట్టుకోలేదు. ఒక చెయ్యి నడుముకు ఆనించి, కడుపు ముందుకు పెట్టుకుని, ఎండలో నడివీధిన నిదానంగా బస్సు దగ్గరికి నడిచిపోయింది.