పద్నాలుగో బెడ్డు, ముప్పై ఎనిమిది ప్రశ్నలు

మా వదిన పద్దెనిమిదేళ్ళు ఆసుపత్రి వార్డులో నర్సుగా పనిచేసింది. గొంతు పెద్దది, చెయ్యి తేలిక. ఆవిడ సూది వేస్తే తెలియనే తెలియదని రోగులు చెప్పుకునేవారు. మోకాళ్ళు అరిగి గంటలకొద్దీ నిలబడడం కుదరకపోయాక, అదే ఆసుపత్రిలో కొత్త నర్సులకు పని నేర్పే ఉద్యోగంలోకి మారింది. ఇంట్లో కూరగాయలు తరిగే ముందు కూడా మోచేతుల దాకా చేతులు కడుక్కునే మనిషి. అంత గట్టి మనిషికీ ఒక బలహీనత ఉంది. మొహమాటం. నా దగ్గర మరీను, నేను ఆవిడకు ఒక్కగానొక్క మరిదిని కదా.

ఆ మొహమాటాన్ని నిండా వాడుకున్నది నేనే.

నేను ఫోను యాప్‌లు తయారుచేస్తాను. వార్డు నర్సుల కోసం ఒకటి చేశాను. ఏ బెడ్డుకు ఏ మందు ఎన్నింటికివ్వాలో చూపిస్తుంది, ఇచ్చాక నొక్కితే రాసుకుంటుంది, ఆలస్యమైతే మోగుతుంది. అక్కడితో ఆగొచ్చు. ఆగితే నేను నేనెందుకవుతాను? రంగులు మార్చుకోవచ్చు, బెడ్ల వరస మార్చుకోవచ్చు, పట్టిక వద్దనుకుంటే బొమ్మలు పెట్టుకోవచ్చు. మొదటిసారి తెరవగానే ముప్పై ఎనిమిది ప్రశ్నలు అడుగుతుంది. ఎవరికి కావలసింది వాళ్ళే పెట్టుకుంటారని నా ధీమా. అందుకని ముందుగా ఏదీ పెట్టి ఉంచలేదు. ఆఖరికి మందు ఆలస్యమైతే మోగే గంట కూడా.

వదిన మొదటిసారి చూసినప్పుడే కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"ఏమయ్యా, ఇన్నెందుకు? నాకే కళ్ళు తిరుగుతున్నాయి."

"అలవాటైతే అన్నీ పనికొస్తాయి వదినా. వద్దంటే తీసేస్తాలే. ఏడాది కష్టం, పోతే పోయింది." నేను మొహం ముడుచుకున్నాను.

"సర్లే, ఉండనీ. నేను నేర్పుతాగా," అంది.

హెడ్ నర్సును బతిమాలి ఒక వార్డులో పరీక్షగా పెట్టించింది కూడా ఆవిడే. యాప్ వచ్చిందని ఆ వార్డులో మంచాలకు వేలాడే కాగితం చార్టులు తీసేశారు. పన్నెండు మంది నర్సుల్ని కూర్చోబెట్టి వదిన గంటసేపు చెప్పింది. "అర్థమైందా?" అనడిగితే పదకొండు తలలు ఊగాయి. పన్నెండో ఆమె చేరి నాలుగు రోజులే అయింది. అందరికీ వచ్చింది తనకొక్కదానికే రాలేదంటే ఏం బావుంటుందని ఆమె కూడా తలూపింది. వదిన పన్నెండు పేర్ల ఎదురుగా "నేర్చుకున్నారు" అని రాసి సంతకం చేసింది.

మూడో రోజు పద్నాలుగో బెడ్డులో ఒక స్కూలు టీచరు ఉంది. ఆవిడకు మధ్యాహ్నం రెండింటికి మూర్ఛ మందు ఇవ్వాలి. ఆ కొత్త నర్సు చేతిలో ఎనిమిది బెడ్లు. ఫోను మోగలేదు, మందు ఇవ్వలేదు. మూడున్నరకు టీచరుకు ఫిట్సు వచ్చింది. నాలుక కరుచుకుంది. డాక్టర్లు పరుగెత్తారు. సాయంత్రానికి ఆవిడ తేరుకుని కూతురితో మాట్లాడిందని తెలిసేదాకా వదిన వార్డు బయట కుర్చీలో కూర్చోలేదు, మంచినీళ్ళు ముట్టలేదు.

మర్నాడు పదింటికి పెద్ద డాక్టరు గదికి అందర్నీ పిలిచారు. బల్ల మీద కొత్త నర్సును పనిలోంచి తీసేసే కాగితం, సంతకం ఒక్కటే తక్కువగా, సిద్ధంగా ఉంది. ఆమె గోడ పక్కన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. ఏడవడం లేదు, అదే చూడలేకపోయాను.

"మీ యాప్ ఎందుకు మోగలేదు?" అని పెద్ద డాక్టరు నన్నడిగారు.

"యాప్ తప్పు కాదండీ," అన్నాను. "మందు ఆలస్యమైతే మోగాలా అని పంతొమ్మిదో ప్రశ్నలో అడుగుతుంది. ఈవిడ టిక్కు పెట్టకుండా ముందుకెళ్ళారు. రికార్డులో ఉంది."

నేను చెప్పింది నిజమే. కానీ చెప్పినప్పుడు నా గొంతులో ఉన్న హుషారు తలుచుకుంటే ఇప్పటికీ చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది. పెద్ద డాక్టరు పెన్ను తీశారు.

"ఒక్క నిమిషం సార్," అంది వదిన. సంచీలోంచి కొత్త ఫోనొకటి తీసి నా చేతిలో పెట్టింది. "మరిదిగారూ, ఇది మీరు చేసిందేగా. మీరే కొత్త నర్సు. మొదటిసారి తెరుస్తున్నారు. పద్నాలుగో బెడ్డుకు మందు ఆలస్యమైతే మోగేలా పెట్టండి. మూడు నిమిషాలు."

వదిన నన్ను గారూ అందంటే నాకు మూడిందని అర్థం. అయినా నవ్వుతూనే మొదలుపెట్టాను. మూడో ప్రశ్న దాటానో లేదో వార్డులో వినిపించే గొంతుతో అరిచింది.

"సిస్టర్! ఏడో బెడ్డు సెలైన్ అయిపోయింది!"

తలెత్తాను. "నన్ను చూడకు, కానివ్వు. సిస్టర్! తొమ్మిదో బెడ్డు వాంతి చేసుకుంది! కింద నుంచి ఫోను, కొత్త కేసు వస్తోందట, బెడ్డు ఖాళీ ఉందా?"

"ఉంది... లేదు," అన్నాను. ఏ ప్రశ్నలో ఉన్నానో మర్చిపోయాను. బెడ్లు అంకెల వరసలోనా, మందు వేళల వరసలోనా? ఏదో నొక్కాను. అక్షరాలు చిన్నవా పెద్దవా? చెయ్యి చెమట పట్టి తెర జారుతోంది. "సిస్టర్, రెండో బెడ్డు వాళ్ళాయన మీ మీద కేకలేస్తున్నాడు!" ముందుకు, ముందుకు, ముందుకు. అయిపోయింది. ఊపిరి పీల్చుకుని ఫోను ఆవిడకిచ్చాను.

వదిన చూడకుండానే దాన్ని పెద్ద డాక్టరు ముందుకు తోసింది. ఆయన చూసి నాకు తిప్పి చూపించారు. పంతొమ్మిదో ప్రశ్న ఎదురుగా టిక్కు లేదు.

ఆ గదిలో నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఇంకోటి కూడా ఉంది సార్." వదిన తన రిజిస్టరు తెరిచి పెట్టింది. "ఈమె నేర్చుకుందని రాసింది నేను. ఒక్కసారైనా చేయించి చూడలేదు. తలూపితే చాలనుకున్నాను. నాకే కళ్ళు తిరిగిన దాన్ని, మావాడు బాధపడతాడని వార్డులోకి తెచ్చాను. తీసేస్తే ముందు నన్ను తీసెయ్యండి."

పెద్ద డాక్టరు పెన్ను మూశారు గానీ కాగితం చింపలేదు. కాగితం చార్టులు వెంటనే మళ్ళీ తగిలించమన్నారు. వదినను నేర్పే పనిలోంచి తప్పించి స్టోరుకు వేశారు. "మూడు రోజుల్లో మార్చి తీసుకురండి," అన్నారు నాతో. "ఇప్పుడు మీకు పెట్టిన పరీక్షే ఈమెకూ పెడతాం. ఈమె సంగతి అప్పుడు తేలుస్తాను."

ఆ మూడు రోజులు వదిన స్టోరు పనవగానే నా ఆఫీసుకొచ్చి పక్కన కూర్చుంది. ప్రతి ప్రశ్నకూ ఒకటే మాట. "ఇది మొదటి రోజు అడక్కపోతే ఎవరికన్నా ప్రాణం మీదికొస్తుందా?" రంగులు పోయాయి. వరసలు పోయాయి. నేను రెండు నెలలు చెక్కిన బొమ్మల తెర దగ్గర ఒప్పుకోలేదు.

"పూర్తిగా తియ్యొద్దయ్యా. వెనక గదిలో పెట్టు. నెలయ్యాక వాళ్ళే వెతుక్కుంటూ వస్తారు. గుమ్మంలోనే సామానంతా పరిస్తే మనిషి లోపలికెలా వస్తాడు?"

గంట సంగతి అసలు అడగడమే మానేశాం. అది ఎప్పుడూ మోగుతుంది. ఆపాలంటే హెడ్ నర్సు ఒక్కరే ఆపగలరు. ముప్పై ఎనిమిది ప్రశ్నల్లో చివరికి ఒక్కటే మిగిలింది: ఈ పూట మీ బెడ్లు ఏవి?

నాలుగో రోజు అదే గది, అదే కాగితం. "నోరు విప్పావంటే ఊరుకోను," అని వదిన నన్ను ముందే హెచ్చరించింది. కొత్త నర్సు ఫోను అందుకుంది. ఈసారి అరిచే వంతు హెడ్ నర్సుది. ఏడో బెడ్డు సెలైన్, తొమ్మిదో బెడ్డు వాంతి, కింద నుంచి ఫోను. ఆమె ఒకచోట ఆగిపోయింది. అక్కడ నొక్కమ్మా అని నాలిక చివరిదాకా వచ్చింది. వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆమె తన బెడ్లు ఎంచుకుంది, తెర మీద ఎనిమిదే వరసలు వచ్చాయి. పద్నాలుగో బెడ్డు ఎదురుగా మందు వేళ ఎర్రగా ఉంది. ఫోను మోగింది.

నిమిషం కూడా కాలేదు. పెద్ద డాక్టరు కాగితాన్ని నిలువునా చింపి బుట్టలో వేశారు.

ఆమె మాత్రం ఫోను వైపే చూస్తోంది. తర్వాత నా వైపు తిరిగింది. ఎత్తిపొడుపు కాదు, నిజంగా తెలియకే అడిగింది.

"ఇంత తేలిగ్గా చెయ్యొచ్చని మీకు తెలుసు కదండీ. ఆరోజే ఇలా ఎందుకివ్వలేదు?"

నేను వదిన వైపు చూశాను. ఎప్పుడూ ఏదో ఒకటి చెప్పి నన్ను గట్టెక్కించే మనిషి.

"నన్ను చూస్తావేం? నిన్నే అడుగుతోంది, చెప్పు," అంది వదిన.

"నేనెంత చేశానో మీ అందరికీ కనబడాలని," అన్నాను.