తీన్‌మార్ మోగని రోజు

ఆ అబ్బాయిని మా కాలేజీకి రప్పించింది నేనే. ఆ మాట చెప్పవలసినప్పుడు చెప్పలేదు.

నేను చదివిన ఇంజనీరింగ్ కాలేజీ జట్టు ఫుట్‌బాల్ ఆడుతుందంటే, నానక్‌రామ్‌గూడ ఆఫీసుల్లో పనిచేసే మేం పాత విద్యార్థులం ఇప్పటికీ వెళ్లి గొంతు చించుకుంటాం. పోయినేడు ఫైనల్లో మమ్మల్ని ఓడించిన గోల్ పక్క కాలేజీ కుర్రాడిది. మదీనాగూడలో అతనుండే హాస్టల్‌కి వెళ్లి, టీసీ తీసుకుని మా దగ్గరికి వచ్చెయ్యమన్నాను. వద్దన్నాడు. తన జట్టువాళ్లు మళ్లీ మొహం చూడరన్నాడు. ఇంకోసారి వెళ్లాను. మావాళ్లు నిన్ను నెత్తిన పెట్టుకుంటారు, పూచీ నాదని నమ్మించాను.

మా జెర్సీ వేసుకున్న ఫోటో అతను పెట్టిన సాయంత్రం మా వాట్సాప్ గ్రూపు భగ్గుమంది. సంతోషించినవాళ్లు కొందరే. సొంత జట్టునే ముంచినవాడు మనల్ని ముంచడా అన్నారు మిగతావాళ్లు. అతనొస్తే మా కెప్టెన్ ఆడే స్థానానికే ఎసరు. కెప్టెన్ వాళ్లన్న ఆ గ్రూపులోనే ఉన్నాడు; ఆఫీసులో నాకు పైఅధికారి. "వీణ్ని ఎవరు తెచ్చిండ్రో జర ముందుకొచ్చి చెప్పుండ్రి" అని రాశాడు. నేను ఫోన్ బోర్లా పెట్టి భోజనానికి కూర్చున్నాను.

కొత్త ఆటగాడు మొదటిసారి మైదానంలో దిగేటప్పుడు తీన్‌మార్ కొట్టించడం మా ఆనవాయితీ. డప్పులవాళ్లకు సైగ చేసేది నేనే. అతను గీత దాటి లోపలికొచ్చాడు. వాళ్లు నావైపు చూశారు. నా పక్కనే కెప్టెన్ వాళ్లన్న. చెయ్యెత్తలేకపోయాను. వెనకనుంచి మావాడే ఒకడు, "మళ్ల ఎప్పుడు జంపు తమ్మీ?" అన్నాడు. నలుగురు నవ్వారు. విరామందాకా అతనికి ఒక్క పాస్ కూడా అందలేదు.

విరామంలో దగ్గరికి వెళ్తే బూట్లు విప్పుతున్నాడు.

"ఇగ నేను ఆడనన్నా. ఆడ మోసగాడన్నరు, ఈడ గదే అంటున్నరు. మీరొక్కరన్న నిజం చెప్తరనుకున్న."

వెనక్కి వెళ్దామన్నా అక్కడ అతని సీటు పోయింది. ఆగమని చెప్పి, మావాళ్లు కూర్చున్న మెట్ల ముందు నిలబడ్డాను. రెండుసార్లు వెళ్లి బతిమాలి తెచ్చింది నేనేననీ, ఉద్యోగానికి భయపడి నోరు మూసుకున్నాననీ చెప్పాను.

"ఇన్ని దినాలు మా పక్కన కూసొని మా మాటలన్ని ఇంటున్నవా?" అన్నాడు కెప్టెన్ వాళ్లన్న.

అవునన్నాను. తర్వాత ఆ అబ్బాయివైపు తిరిగాను.

"తప్పు నాది తమ్ముడూ. నువ్వు పడ్డ మాటలన్నీ నేను పడాల్సినవి. నన్ను క్షమించు."