బొటనవేలి గుర్తు

ఆయన్ని అందరూ వేలిముద్ర అని పిలిచేవారు. సంతకం రాక కాదు. పాడైన లాప్‌టాప్‌లు కొని, విప్పి, పనికొచ్చే భాగాలను ఆన్‌లైన్‌లో అమ్ముకుని బతికే మెకానిక్ ఆయన. చూసి బాగుందనుకున్న ప్రతి భాగం మీదా చిన్న తెల్ల స్టిక్కరు అంటించి, కుడి బొటనవేలు స్టాంపు సిరాలో అద్ది నొక్కేవాడు. ఆ నీలి గుర్తు ఉంటే కళ్లు మూసుకుని కొనొచ్చని పేరు పడింది. పదిహేనేళ్లలో ఆయన సంపాదించిన ఆస్తి అదొక్కటే. ఇల్లు అద్దెది. ముందు గదిలో షాపు, వెనక గదిలో సంసారం.

గుర్తు వేసే వేలితోనే పరీక్ష కూడా చేసేవాడు, ముఖ్యంగా బ్యాటరీలను. లాప్‌టాప్ బ్యాటరీ పాడయ్యేటప్పుడు లోపల గ్యాసు చేరి ఉబ్బుతుంది. కంటికి కనబడేంత ఉబ్బితే ఎవరైనా పక్కన పారేస్తారు. కనబడకముందే పట్టుకోవడంలోనే ఉంది పనితనమంతా. ఆయన బొటనవేలిని బ్యాటరీ మీద ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా నొక్కుకుంటూ పోయేవాడు. ఎక్కడైనా కాస్త మెత్తగా తగిలిందా, అది గుమ్మం బయట ఉన్న ఇసుక బకెట్లోకి పోయేది.

భాగాలను కిటికీ దగ్గర తెల్ల గుడ్డ మీద పెట్టి ఫోటోలు తీయడం, ప్రకటన రాయడం, పార్సిలు కట్టడం భార్య పని. "ఊరివాళ్ల గొడవల్లో వేలు పెట్టి చెడినవాళ్లను చూశాను గానీ, వేలు పెట్టి బతికేవాళ్లను మిమ్మల్నే చూశాను" అని ఆటపట్టించేది. ఏ బ్యాటరీ చేతికి వచ్చినా "ఏమంటోంది మీ వేలు?" అని అడిగేది. "మంచిదే అంటోంది" అనేవాడు. ఆ పైన ఆవిడ ఇంకో మాట అడిగేది కాదు.

ఆ వేలికి స్పర్శ పోయి ఆరు నెలలైంది.

ఒక్కసారిగా పోలేదు. మొదట తిమ్మిర్లు వచ్చాయి. నిద్రలేచాక చెయ్యి విదిలించుకుంటే తగ్గేవి. తర్వాత బొటనవేలు, పక్క రెండు వేళ్లు ఎవరో అరువిచ్చినవాటిలా తయారయ్యాయి. ఒకరోజు సోల్డరింగు చేస్తుంటే కమురు వాసన వచ్చింది. ఏ తీగ కాలుతోందోనని బల్లంతా వెతికాడు. తీరా చూస్తే కాలుతున్నది ఆయన వేలే.

అప్పుడైనా పెళ్లానికి చెప్పాడా? చెప్పలేదు. ఇక్కడ ఆయన్ని పట్టుకుని నాలుగు దులపాలనిపిస్తుంది. కానీ ఆయన భయం కూడా ఊరికే పుట్టింది కాదు. చెబితే గుర్తు పోతుంది. గుర్తు పోతే, సందుకొకడున్న పాత సామాన్లవాళ్లలో ఆయనా ఒకడు. నాలుగు వేళ్లు నోట్లోకి వెళ్లాలంటే ఈ ఐదో వేలు పనిచెయ్యాలి మరి. వచ్చే వారం డాక్టరుకు చూపిస్తానని తనకు తనే చెప్పుకున్నాడు. ఆ వచ్చే వారం ఆరు నెలలుగా రాలేదు. ఈలోపు ఎప్పటిలాగే బ్యాటరీలు నొక్కాడు, గుర్తులు వేశాడు.

మేడ మీద ఉండే రిటైరైన నర్సు ఒకరోజు తన లాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెట్టింది. దాని మీద కాఫీ ఒలికిందట.

"ఇంక లేవదా తమ్ముడూ?"

"లేవదక్కా. బోర్డు పోయింది."

"అయితే అమ్మిపెట్టు. మొత్తంగా పోతుందా, ముక్కలు చేస్తావా?"

"మొత్తంగా పెడితే ఎవడో బేరమాడి తూకానికి పట్టుకుపోతాడు. విడదీస్తే తెర బాగుంది, మూత బాగుంది, బ్యాటరీ మార్చి ఏడాదే అంటున్నావు. ముక్కలుగానే నయం."

"మనుషులకంటే నయమే. పోయాక కూడా గిరాకీ ఉంది" అని నవ్వి, ఆవిడ ఆయన చేతి వైపు చూసి ఆగింది. "ఆ బొబ్బేంటి? అంత కాలేదాకా ఏం చేస్తున్నావు?"

"పరధ్యానంలో ఉన్నానక్కా."

"చూపించుకో."

"చూపిస్తా, చూపిస్తా" అని అడుగు మూత స్క్రూలు విప్పడం మొదలుపెట్టాడు.

బ్యాటరీని లోపల జిగురుతో గట్టిగా అంటించారు. సన్నని రేకు దూర్చి పైకి లేపాలి. రేకు మొన ఎక్కడ గుచ్చుకుంటోందో వేళ్లు చెప్పాలి, ఆ వేళ్లే మొద్దుబారాయి. ఎలాగో ఊడదీసి బొటనవేలితో ఈ చివర నుంచి ఆ చివరకు నొక్కాడు. వేలు ఏమీ చెప్పలేదు. ఏమీ చెప్పకపోతే బాగున్నట్టేనని ఆరు నెలలుగా ఆయన అర్థం చెప్పుకుంటున్నాడు. సిరా అద్ది గుర్తు వేశాడు.

"ఏమంటోంది?" అని భార్య కిటికీ దగ్గర నుంచి అడిగింది.

"మంచిదే అంటోంది."

ఆవిడ బ్యాటరీని వెలుతురు వైపు తిప్పి ఒక క్షణం చూసింది. తర్వాత గుడ్డ ముడతలు సరిచేసి ఫోటో తీసింది. సాయంత్రానికల్లా దానికి కొనేవాడు దొరికాడు. మర్నాడు పొద్దున ఆవిడ దాన్ని చుట్టి, టేపు బిగించి, కొరియరు కుర్రాడు వచ్చేదాకా ఉంటుందని మిగతా పార్సిళ్ల అడుగున పెట్టింది.

మధ్యాహ్నం ఇద్దరూ వెనక గదిలో భోంచేస్తుండగా ముందు గదిలో బుస్సుమంది. వెళ్లేసరికి గదినిండా తెల్లటి పొగ. ఆయన పైనున్న పార్సిళ్లను కాలితో తన్ని, అడుగున మండుతున్నదాన్ని కుడిచేతి మూడు వేళ్లతో పట్టుకుని ఎత్తాడు. గది దాటి, గుమ్మం దాటి ఇసుక బకెట్టు దాకా నడిచాడు. పరిగెత్తలేదు, అరవలేదు. దాన్ని బకెట్లో పెట్టి ఎడమచేత్తో ఇసుక కప్పాడు.

పక్క షాపులవాళ్లు పోగయ్యారు. "ఏం గుండె ధైర్యమయ్యా!" అన్నారు. "మనమైతే చచ్చినా ముట్టుకోం" అన్నారు. భార్య మాత్రం మూడు వేళ్ల తోలు ఊడి వేలాడుతుంటే నిలబడి ఇసుక సర్దుతున్న మొగుడి ముఖంలోకే చూస్తోంది.

నర్సు పరుగున దిగివచ్చి ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టింది. చెయ్యి కడిగి, కత్తెర తీసుకుంది.

"ఇక్కడ తెలుస్తోందా?"

ఆయన తల పక్కకు తిప్పుకున్నాడు. "తెలుస్తోంది. మంటగా ఉంది."

"తమ్ముడూ, నేనింకా కత్తెర ఆనించనేలేదు."

భార్య తలుపుకు ఆనుకుని అలాగే నేల మీదకు జారి కూర్చుంది.

"ఎప్పట్నుంచండీ?"

"ఆర్నెల్లు."

"ఫోటో తీసేటప్పుడు నాకు ఉబ్బు కనబడింది" అంది ఆవిడ. "నా రెండు కళ్లతో చూశాను. మీ వేలు మంచిదే అంది కదా, నా కళ్లదే పొరపాటనుకున్నాను."

కాలినప్పుడు రాని కన్నీళ్లు ఆయనకు అప్పుడొచ్చాయి.

పెద్ద డాక్టరు చూసి, మణికట్టు దగ్గర నరం నలిగిపోయిందన్నాడు. మొదట్లోనే వచ్చుంటే చిన్న ఆపరేషన్‌తో పోయేదట. కాలి పాడైన బొటనవేలును పై కణుపు దాకా తీసేశారు. ఆస్పత్రి మంచం మీద ఆయన్ను ఆ వేలు బాధించలేదు. ఆరు నెలల్లో ఎన్ని బ్యాటరీలు ఆ గుర్తుతో గడప దాటాయన్న ఆలోచనే తినేసింది.

నలభై మూడు. భార్య ఫోను ముందు పెట్టుకుని, మంచం పక్క స్టూలు మీద కూర్చుని ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. "మా దగ్గర కొన్న బ్యాటరీ వాడకండి, వెంటనే తీసేయండి" అని చెప్పేది. ఎందుకని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పేది. కొందరు అమ్మనాబూతులు తిట్టారు. ఆవిడ చివరిదాకా విని, తీసేశామన్న మాట వచ్చేదాకా ఫోను పెట్టలేదు. ముగ్గురు ఫోటోలు పంపారు. వాటిలో ఒకదాంట్లో కీబోర్డు మధ్యలో పైకి లేచి ఉంది. అది చూసి ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

నలభై రెండుమంది పలికారు. ఒక్కరు పలకలేదు.

ఆ ఒక్కరితో నడిచిన మాటలన్నీ ఫోనులోనే ఉన్నాయి. కొనేటప్పుడు ఆ అమ్మాయి రాసింది: "మా అమ్మ మంచం మీంచి లేవలేదండీ. లాప్‌టాప్ పక్కలో పెట్టుకుని రోజంతా పాటలు వింటుంది. బ్యాటరీ మంచిదే కదా?" దానికి భార్యే జవాబిచ్చింది: "మా వారు స్వయంగా వేలు పెట్టి చూశారమ్మా. నిశ్చింతగా వాడుకోండి."

పార్సిలు వెళ్లిన చిరునామాకు ఉత్తరం రాస్తే, ఇల్లు తాళం వేసి ఉందని తిరిగొచ్చింది.

ఇంటికి వచ్చాక షాపు ఎత్తేశారు. సోల్డరింగు సరంజామా, భూతద్దం, స్క్రూ డ్రైవర్లు, బల్ల అన్నిటికీ కిటికీ దగ్గర ఫోటోలు తీసి, "విడివిడిగా పెట్టనా, మొత్తంగానా?" అని భార్య అడిగింది. "మొత్తంగా" అన్నాడు. ఎవరో వచ్చి మొత్తం ఆటోలో వేసుకుపోయారు. సిరా డబ్బాను మాత్రం ఆయనే పారేశాడు.

ఇప్పుడు ముందు గది ఖాళీగా ఉంది. రోజూ పొద్దున్నే ఆయన అక్కడ కూర్చుని, ఎడమ బొటనవేలితో ఆ నంబరు నొక్కుతాడు. రింగు వెళుతూ ఉంటుంది. భార్య వెనక గది గుమ్మంలోకి వచ్చి నిలబడుతుంది.

"ఏమంటోంది?"

"ఏమీ అనట్లేదు."

అంటే బాగున్నట్టేనని అర్థం చెప్పుకునే ధైర్యం ఇప్పుడు ఇద్దరికీ లేదు. ఆయన మళ్లీ నొక్కుతాడు.