కమాన్ కింద చలివేంద్రం

పుప్పాలగూడ దాటి గోల్కొండ వైపు పోయే దారిలో ఒక పాత సరాయి ఉండేది. బాటసారులు ఆగడానికి నవాబుల కాలంలో కట్టింది. పైకప్పు సగం కూలినా, ముందు గుమ్మం మీది వంపు తిరిగిన రాతి కమాన్ చెక్కుచెదరలేదు. దాని కింద, బారెడు మందం గోడల నీడలో, మా నాయనమ్మ ఎండాకాలం చలివేంద్రం పెట్టేది. ఆ దారిలోనే మా చిన్నాన్న వడదెబ్బకు పడిపోయాడు. గుక్కెడు నీళ్లు పోసే దిక్కు లేక ప్రాణం పోయింది. అందుకే ఎవరి దోసిట్లో నీళ్లు పోసినా, "నా కొడుకు పేరు మీద తాగు బిడ్డా" అనేది. మిట్టమధ్యాహ్నం కూడా ఆ నీళ్లకు పళ్లు జివ్వుమనేవి.

నిజాం రాజ్యం పోయిన మరుసటి వేసవికి మా ఊరి పటేల్‌కు బంగ్లా పిచ్చి పట్టింది. పట్నంలో సిమెంటు మిద్దెలు చూసొచ్చాడు మరి! రాళ్ల కోసం సరాయి మీదికి గడ్డపారలతో మనుషులను తోలాడు. అడిగేవాడెవడు? నాయనమ్మ ఒక్కతే అడ్డంపోయింది.

"కమాన్ ఒక్కటి ఇడిసిపెట్టు పటేలా, నీ బాంచెన్. నా కొడుకు పేరు నిలవడ్డ జాగ గది."

"పాత రాళ్లకు గంత పరేషానేంది అవ్వా? జర పక్కకు జరుగు. కుండలు యాడ వెట్టినా కుండలే."

ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పువ్వులు చెక్కిన ఆ కమాన్ రాళ్లు ఎక్కడ తేలాయో తెలుసా? కొన్ని పునాదిలో. మిగిలినవి పాయఖానాలో, కాళ్లు పెట్టుకుని కూర్చోవడానికి! గృహప్రవేశం నాడు ఊరు ఊరంతా వెళ్లి ఆ పాయఖానాను వింతగా చూసి, మెచ్చుకుని, బూరెలు తినొచ్చింది. ఛీ, ఏం మనుషులు! నేను మాత్రం బూరె ముట్టకుండా వచ్చేశాను.

నాయనమ్మ ఊరుకోలేదు. కమాన్ ఉన్న చోటనే నాలుగు గుంజలు పాతించి, తాటికమ్మలు కప్పించి కుండలు పెట్టింది. పొద్దెక్కేసరికి కమ్మల సందుల్లోంచి ఎండంతా కుండల మీదే పడింది. శేరిలింగంపల్లి నుంచి నడిచొస్తున్న ఒకాయన దోసిలి పట్టాడు. ఆమె కొడుకు పేరు చెప్పి నీళ్లు పోసింది. ఆయన ఒక్క గుక్క నోట్లో పోసుకుని తుపుక్కున ఉమ్మేశాడు.

"థూ! ఇవేం నీళ్లవ్వా, కాగుల మసిలిన నీళ్ల లెక్కున్నయి."

ఆయన తప్పేముంది? కొడుకు పేరు మీద పోసిన నీళ్లు మట్టిపాలయ్యాయి. నాయనమ్మ కుండలన్నీ వంచేసి ఇంటికొచ్చింది. మళ్లీ ఏ ఎండాకాలమూ కుండలు కొనలేదు. కొడుకు మాట కూడా ఎత్తలేదు.