మార్వాడ్ దాకా చాందక్క జీపు

ఈమధ్య వాన వెలిసిన ఒక ఉదయం జనగామ మార్కెట్ పక్కనుంచి నడిచి వెళ్తున్నాను. వడ్ల రాసుల మీద కప్పిన టార్పాలిన్లపై ఎండ పడి సన్నగా ఆవిరి లేస్తోంది. తడిసిన గుడ్డ వాసన, పక్కనే ఆగిన ట్రాక్టర్ డీజిల్ వాసన కలిసి ముక్కుకు తగలగానే కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. చాందక్క గుర్తొచ్చింది. నిరుడు వానాకాలంలో ఆమె పోయింది. అయినా ఆమెను తలుచుకుంటే ఏడుపు కంటే ముందు నాకు నవ్వే వస్తుంది.

చాందక్క భూపాలపల్లిలో హెడ్ నర్సుగా పనిచేసేది. ఫార్మసిస్టుగా మొదటి ఉద్యోగానికి ఆ ఊరు వెళ్ళినప్పుడు నేను ఆమె పక్క వాటాలో అద్దెకు దిగాను. జనగామలో మా నాన్నది, అంటే బాపుది, పప్పుల హోల్‌సేల్ దుకాణం. ఇంట్లో అందరూ గట్టిగా మాట్లాడేవాళ్ళే కావడంతో నేను మాట్లాడకుండానే పెరిగాను. చాందక్కది దంతాలపల్లి దగ్గర ఒక లంబాడీ తండా. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకు "తీరలే" అని నవ్వేసేది. ఉద్యోగంలో చేరిన కొత్తలో టీకాల పెట్టె ఒళ్ళో పెట్టుకుని, ఆఫీసు జీపు వెనక బల్ల మీద కూర్చుని తండాలన్నీ తిరిగిందట. ముందు సీటులో ఎప్పుడూ ఎవరో ఒక సారు ఉండేవాడు. "దుమ్మంత నేనే తిన్న. దారి మాత్రం ఎన్నడు సరిగ సూడలే," అనేది.

ఆమె రిటైరయ్యే ఏడు, ఒక సాయంత్రం నన్ను ఊరి చివర ఒక కాంట్రాక్టర్ ఇంటి వెనక్కి తీసుకెళ్ళింది. అక్కడ పిచ్చిమొక్కల మధ్య ఒక పాత జీపు పడి ఉంది. చక్రాల్లో గాలి లేదు. టాపు చినిగి వేలాడుతోంది. డ్రైవర్ సీటులో ఒక కోడి గుడ్లు పొదుగుతోంది.

"ఎట్లున్నది?" అంది చాందక్క.

"కోడా, జీపా?" అన్నాను.

"జీపే. కొన్న. మార్వాడ్ పోదాం దీంట్ల."

మార్వాడ్ అంటే ఎక్కడో రాజస్థాన్‌లో, ఎడారి పక్కన. తమ పెద్దలు ఒకప్పుడు ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంటూ ఆ వైపునుంచి వచ్చారని వాళ్ళ నాయనమ్మ చెప్పేదట. ఆ దారిని ఒకసారి చూడాలని ఆమె కోరిక. రైల్లో పోవచ్చు కదా అన్నాను. "రైల్ల పోతె ఊర్లన్నీ ఉరుకుతయ్. నాకు యాడ ఆగబుద్దయితె ఆడ ఆగాలె," అంది.

జీపును లారీ మీద జనగామకు తెచ్చాం. మా దుకాణం వెనక ఖాళీ గోదాం ఉంది, ఆ వీధిలోనే మెకానిక్ యాకూబ్ మామ ఉన్నాడు. నాకు సెలవు దొరికినప్పుడల్లా ఇద్దరం అక్కడే ఉండేవాళ్ళం. జీపును చూడగానే యాకూబ్ మామకు కలలు మొదలయ్యాయి. పెద్ద టైర్లు వేస్తానన్నాడు, ముందు వరసగా లైట్లు పెడతానన్నాడు, నల్ల రంగు కొడతానన్నాడు.

"రంగు సంగతి తర్వాత. ముందుగాల పానం సూడు," అంది చాందక్క.

చూస్తే ప్రాణం అంతంత మాత్రంగానే ఉంది. లోపల కాలు పెట్టగానే తుప్పుపట్టిన రేకు విరిగి నేల తగిలింది. రేడియేటర్ నిండా మట్టి. నాలుగు చక్రాలూ తిప్పే గేరు బిగుసుకుపోయి కదల్లేదు. ఈ ఇంజను తీసేసి వేరేది వేద్దామన్నాడు యాకూబ్ మామ.

"గిది బాగైతదా, కాదా? గది చెప్పు."

"అయితది గని, పరేషాన్ జేస్తది."

"మనుషులు చెయ్యరా?" అని ఆమె నావైపు తిరిగి కన్ను గీటింది.

అలా ఆ ఇంజనే మిగిలింది. అది మొదటిసారి మేలుకున్న రోజు గోదామంతా నల్లటి పొగ కమ్మింది. మేం చప్పట్లు కొడుతుంటే బాపు దగ్గుకుంటూ వచ్చి, "కందిపప్పు డీజిల్ వాసనొస్తె ఎవడు కొంటడే?" అని కేకలేశాడు. తిట్టడం అయ్యాక జీపు వెనక భాగంలోకి తొంగిచూశాడు. అక్కడి బల్లలను చాందక్క తన చేత్తోనే బోల్టులు విప్పి పీకేసింది. వాటి స్థానంలో పడుకోవడానికి ఒక చెక్క, దాని కింద అరలు. వార్డులో మందుల ట్రాలీలాగే వెతుక్కోకుండా దేని చోట అది ఉండాలని ఆమె పట్టు. బాపు ఒక అర లాగి చూశాడు. "గిట్ల పెడితె మొదటి గుంతకే డబ్బాలన్ని ఎగురుతయ్. బరువు కిందికి రావాలె," అన్నాడు. తర్వాత ఆయన్ని ఆ గోదాంలోంచి బయటికి పంపడం ఎవరివల్లా కాలేదు. మూత గట్టిగా పట్టే డబ్బాలు తెచ్చాడు, నీళ్ళ క్యాన్‌కు పట్టీ కుట్టించాడు. యాకూబ్ మామ బండి కింద కుదుపులు ఆపే కమాన్ పట్టీలు మార్చి బండిని ఎత్తు చేస్తే, చీర కట్టుకుని ఎక్కేదెట్లా అని చాందక్క గొడవపడి ఒక మెట్టు వెల్డింగ్ చేయించుకుంది. చివరికి కిటికీలకు తెరలు కట్టింది. వాళ్ళమ్మ కుట్టిన అద్దాల లంగాను విప్పి చేసిన తెరలు అవి. ఆ లంగాను అన్నేళ్ళూ ట్రంకుపెట్టెలో దాచింది.

"అద్దాలు లోపలికి పెట్టాల్నా?" అని అడిగాను.

"బయటికి పెట్టు. అందరు సూడాలె."

ఇంత చేసినా బాపు నన్ను పంపడానికి ఒప్పుకోలేదు. "ఇద్దరాడోళ్ళు గంత దూరమా?" అనేవాడు. నేను ఎదురు చెప్పలేదు. నాకు అలవాటు లేని పని అది. చాందక్క మాత్రం యాకూబ్ మామ దగ్గర తను నేర్చుకున్నట్టే ఓపిగ్గా నాకు జీపు నేర్పింది. వానలు పడ్డాక ఒక ఆదివారం, "సేటూ, పెద్దవంగర దాక పోయొద్దాం రా," అని బాపును వెనక కూర్చోబెట్టింది. స్టీరింగ్ నాకిచ్చింది. మట్టిదారిలో వాగు అడ్డమొచ్చింది. నీళ్ళు మోకాలి లోతు కూడా లేవు, కానీ సగంలో బండి ఇసుకలో దిగబడింది. చక్రాలు తిరుగుతున్నాయి తప్ప జీపు కదలదు.

"అక్కా, నువ్వు పట్టు," అన్నాను.

ఆమె చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని నీళ్ళలోకి దిగింది. అవతలి ఒడ్డెక్కి నిలబడింది. "నేను దిగిన. ఇగ బండి నీదే," అంది.

బాపు వెనకనుంచి ఏదేదో అరుస్తున్నాడు. "బాపూ, జర ఊకో!" అన్నాను. ఆయనతో అలా మాట్లాడటం అదే మొదటిసారి. ఆయన నిజంగానే ఊరుకున్నాడు. నాలుగు చక్రాల గేరు వేసి, క్లచ్ మీదనుంచి కాలు మెల్లగా తీశాను. జీపు ఒకసారి మూలిగి, ఊగి, అవతలి ఒడ్డెక్కింది. చాందక్క వచ్చి నా పక్క సీటెక్కింది.

"మార్వాడ్‌ల గూడ వాగులుంటయా?" అన్నాడు బాపు.

"ఉండయేమో. ఇసుక ఉంటది," అన్నాను.

"అయితె పోండ్రి. బండి మంచిగనే తోల్తున్నవ్."

కాగితాలన్నీ సరిచేయించుకుని చలికాలంలో బయలుదేరాం. యాకూబ్ మామ చెప్పినంత పరేషానూ చేసింది జీపు. కానీ చాందక్క ముందు సీటులో కూర్చుని, ఆగాలనిపించిన ప్రతిచోటా ఆపించింది. ఒక చెరకు తోట దగ్గర ఆగాం, ఒక ఊరి సంతలో గాజులు కొనుక్కున్నాం. మార్వాడ్ వైపు ఒక పల్లెలో మంచినీళ్ళ కోసం ఒక ముసలావిడ వాకిట్లో నిలబడ్డాం. నేను వచ్చీరాని హిందీ కూడబలుక్కుంటుంటే చాందక్క తన తండా భాషలో అడిగేసింది. దవాఖానలో ఆమె ఆ భాషను ఎప్పుడూ గొంతు తగ్గించే మాట్లాడేది. కొత్తలో ఎవరో పెద్దసారు "ఇదేమన్న మీ తండానా?" అని అందరి ముందూ నవ్వాడట. ఇప్పుడు గట్టిగా అడిగింది. ముసలావిడ పక్కింటి మనిషికి చెప్పినట్టే జవాబు చెప్పింది. అన్ని మాటలూ కలవలేదు. కలిసిన ప్రతి మాటకూ ఇద్దరూ చేతులు పట్టుకుని నవ్వారు. తిరిగి జీపెక్కాక చాందక్క చెమట పట్టినట్టు ముఖాన్ని కొంగుతో చాలాసేపు తుడుచుకుంది. "గింత గట్టిగ మాట్లాడచ్చని ఎవ్వలు చెప్పలే," అంది.

ఆ తిరుగు ప్రయాణమంతా ఆమె చేత ఆ భాష చెప్పించుకున్నాను. నోరు తిరగక నేను తప్పు పలికితే పగలబడి నవ్వేది. ఇప్పుడు మందుల కౌంటర్ దగ్గరికి తండాల నుంచి ఎవరైనా వస్తే, ఏ మాత్ర పొద్దున, ఏది రాత్రి అని వాళ్ళ భాషలోనే, వరసలో చివరివాళ్ళకూ వినబడేంత గట్టిగా చెప్తాను. మొన్న ఒక అవ్వ మాత్రలు అందుకుని, ఆశ్చర్యంగా నా ముఖంలోకి చూసి, "నువ్వు ఎవ్వలింటి పిల్లవే?" అని అడిగింది.

"చాందక్క ఇంటి పిల్లను," అన్నాను.