సర్క్యూట్ పటంలో ఒక చుక్క

నా చిన్నప్పుడు దసరా సెలవులకు రేపల్లెలో మా మావయ్య ఇంటికి వెళ్తే, పడుకునే ముందు మంచం మీది రేడియోలను కిందికి దింపుకోవాల్సి వచ్చేది. మావయ్య హైస్కూల్లో సైన్సు మాస్టారు. పాత వాల్వుల రేడియోలు బాగుచేయడం తన సరదా అనేవాడు. అత్తయ్య దాన్ని జబ్బు అనేది. మందు లేదని తెలిశాక ఆవిడే అలవాటు పడిపోయింది.

అప్పటికే బజారులోకి ట్రాన్సిస్టర్లు వచ్చేశాయి. అయినా ఆ ఏడు నిజాంపట్నం దగ్గరి పల్లె నుంచి, సముద్రం మీద వేటకు వెళ్ళే పెద్దాయన ఒకరు, చంటిబిడ్డను చుట్టినట్టు దుప్పటిలో ఒక పాత బాటరీ రేడియోను చుట్టుకుని వచ్చారు. కరెంటు లేని వాళ్ళ పల్లె మొత్తానికీ అదొక్కటే. వాయుగుండం కబురు అందులో విన్నాకే పడవలు కదిలేవి. ఇప్పుడది మూగబోయింది. రాబోయేవేమో తుఫానుల రోజులు. కొత్తది చూసుకునేదాకా సముద్రం ఆగదు కదండీ అన్నారాయన.

మావయ్య వెనక అట్ట విప్పి చూస్తే, అంతకుముందు ఎవరో బాగుచేయబోయి లోపలి తీగలు తెంపి వదిలేశారు. ఏ తీగ ఎక్కడ కలవాలో చెప్పే సర్క్యూట్ పటం ఉంటే తప్ప పని జరగదు. రేడియో లోపల అంటించిన పటం ఉప్పుగాలికి పొరలు పొరలుగా లేచిపోయింది. మర్నాడు పొద్దున్నే మావయ్య నన్ను వెంటబెట్టుకుని తెనాలి రైలెక్కాడు. నా కళ్ళు చురుకైనవి, సన్నక్షరాలు చదువుతాయని. నాలో ఎవరైనా మెచ్చుకున్న అవయవం అదొక్కటే కాబట్టి నేనూ గర్వంగానే వెళ్ళాను.

తెనాలిలో ఒక రేడియో షాపాయన బీరువా అడుగు నుంచి ఆ కంపెనీ పటం తీశాడు. కాగితం గడప దాటడానికి వీల్లేదన్నాడు. మావయ్య అక్కడే బల్ల దగ్గర కూర్చుని ఎత్తి రాసుకుంటుంటే, మసకబారిన అంకెలు నేను చదివి చెప్పాను. ఒక మూల చెదలు తినేశాయి. అది పెద్ద నష్టం కాదట. చిక్కంతా ఒక చుక్కతో వచ్చింది. రెండు గీతలు దాటుకునే చోట చుక్క ఉంటే ఆ తీగలు కలిసినట్టు, లేకపోతే దేని దారిన అది పోయినట్టు. ఆ పటం నిండా ఈగలు కూడా తమ వంతు చుక్కలు పెట్టాయి. చాలావరకు ఖాళీ జాగాల్లోనే పడ్డాయి గానీ, ఒకటి మాత్రం సరిగ్గా గీతలు దాటుకునే చోట ఉంది. అది పెట్టింది ఇంజనీరో ఈగో తేలక మాకు పట్టపగలే చుక్కలు కనిపించాయి. పొరపాటున కలిపితే, రేడియోకున్న రెండు బాటరీల్లో పెద్దదాని బలమంతా వాల్వులనే గాజు బుడ్లలోని సన్నతీగల మీద పడి, క్షణంలో అవి మాడిపోతాయి. ఆ రకం వాల్వులు మళ్ళీ దొరికేవి కావు.

బాపట్లలో ఒకాయన దగ్గర కూడా ఆ పటం ఉందని షాపాయన చెప్పాడు. "రెండు కాగితాల మీద ఒకేచోట వాలే ఈగ ఇంకా పుట్టలేదమ్మాయ్, పద" అని మావయ్య నన్ను మళ్ళీ రైలెక్కించాడు.

బాపట్ల ఆయనకూ రేడియోలంటే ప్రాణం. మాకు ఇడ్లీలు తెప్పించి, నల్ల సిరాతో ముచ్చటగా గీసిన పటం ముందు పరిచాడు. అందులోనూ అదే చోట చుక్క, మిరియపు గింజలా గుండ్రంగా ఉంది. నేను చప్పట్లు కొట్టాను. మావయ్య మాత్రం పటమంతా కలియజూసి, ఒక మూల వేలు పెట్టి నవ్వాడు. తెనాలి పటంలో చెదలు తిన్న మూల, ఇందులో ఖాళీగా వదిలేసి ఉంది. అవునండి, తెనాలి షాపులో కూర్చునే రాసుకున్నానని ఆయన చెప్పాడు. అంత శ్రద్ధగా రాసుకున్న మనిషి ఈగ చుక్కను మాత్రం ఎందుకు వదులుతాడు?

రేపల్లెలో అరుగు మీద ఎదురుచూస్తున్న పెద్దాయనకు ఈ కథంతా విని విసుగొచ్చింది.

"ఏంటి మాస్టారూ, రెండు కాగితాలూ ఒకటే మాటంటుంటే ఇంకా ఆలోచనేంటి? కలిపేయండి."

"రెండెక్కడివి పెద్దాయనా, ఉన్నది ఒకటే. రెండోది దాన్ని చూసి రాసిందే."

"మరిప్పుడెట్టాగండీ? ఎల్లుండి మావోళ్ళు వేటకెళ్ళాలి."

మావయ్య మిగతా తీగలన్నీ పటం ప్రకారం అతికించాడు. వాల్వులన్నీ పీకి, గుడ్డలో చుట్టి అత్తయ్య ఒళ్ళో పెట్టాడు. ఒక వాల్వు కూర్చునే చోట తన టార్చిలైటు బల్బును తీగలతో తగిలించాడు. పటాల మాట కాదనకుండా, చుక్క చెప్పినట్టే ఆ రెండు తీగలూ కలిపి బాటరీ ఇచ్చాడు. బల్బు భగ్గున వెలిగి, మరుక్షణం నల్లగా మాడిపోయింది. పెద్దాయన ఉలిక్కిపడి అత్తయ్య ఒళ్ళోని మూట వంక చూశారు. ఆవిడ దాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

ఆ తీగలు విడదీసి, ఈసారి అత్తయ్య టార్చిలోని బల్బు అడిగాడు. మీ చుక్కల కోసం నన్ను చీకట్లో కూర్చోబెడతారా అంటూనే ఆవిడ ఇచ్చింది. అది మందంగా, బుద్ధిగా వెలిగింది. అప్పుడు గానీ వాల్వులు పెట్టలేదు మావయ్య. కాసేపు గురగురమని, రేడియో ఎరువుల గురించి మాట్లాడటం మొదలుపెట్టింది. ఎన్నడూ నాగలి పట్టని పెద్దాయన ఆ ఎరువుల సంగతి చేతులు కట్టుకుని ఆఖరుదాకా విన్నారు. తర్వాత ఎప్పుడో ఎండుచేపల బుట్టతో వచ్చి, మొన్నటి వాయుగుండానికి తమ పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయని చెప్పి వెళ్ళారు.

నాకు ఆ విద్య అబ్బలేదు. ఇప్పటికీ ఫ్యూజు పోతే పక్కింటి అబ్బాయిని పిలుస్తాను. కానీ ఉద్యోగం చేసే రోజుల్లో, మా ఆఫీసులో కొత్తగా చేరిన ఒకమ్మాయి మీద చాలామంది వచ్చి ఒకే చాడీ చెప్పారు. ఆమె మీద పై అధికారులకు రాయాల్సింది నేను. కలం పట్టుకోగానే మావయ్య వేలు పెట్టిన ఖాళీ మూల గుర్తొచ్చింది. ఒక్కొక్కరినే పిలిచి, మీకెవరు చెప్పారండి అని అడుగుతూ పోయాను. అందరి దారీ ఒక్క మనిషి దగ్గరే ఆగింది. ఆ మనిషి చూసిందీ లేదు, ఊహించింది అంతే. కలం మూత పెట్టేశాను. ఆ అమ్మాయి నాకన్నా పెద్ద ఉద్యోగం చేసి రిటైరైంది. దారిలో కనిపిస్తే నమస్కారం పెడుతుంది, నేను ఊరికే నవ్వుతాను.